కాలవ కట్టేసిన రోజులు

మా పశ్చిమ గోదావరి డెల్టాలో వేసవి వచ్చిన సంగతి కాలవ చెప్పేది. దాళ్వా చేలకు తడుల అవసరం తీరగానే విజ్జేశ్వరం దగ్గర తలుపులు దించేసేవారు. నాలుగు రోజులు తిరిగేసరికి పాలకొల్లు దిగువన మా ఊరి రేవులో మొలలోతు నీళ్లు మోకాలి లోతుకి, అక్కణ్ణించి బురదలోకి దిగిపోయేవి. ఆ రెండ్రోజులూ చేపల కోసం ఊరంతా కాలవలోనే ఉండేది. ఆ తర్వాత పారలూ తట్టలూ దిగేవి. పూడిక పని. మగవాళ్లు తవ్వి ఎత్తితే ఆడవాళ్లు తట్టలు మోసి గట్టుమీద పోసేవారు. జూన్‌లో నీళ్లు వదిలేలోగా ఎంత అయితే అంత.

అంచేత ఊళ్లో బళ్లన్నీ సెలవులిచ్చేస్తే బాలవాడి మటుకు ఎండాకాలంలోనే కిటకిటలాడేది. తల్లులు పొద్దున్నే చద్దన్నం పెట్టి, పిల్లల్ని మహిళా మండలి వసారాలో దింపి, తట్ట నెత్తిన బోర్లించుకుని కాలవలోకి దిగిపోయేవారు. రెండేళ్ల నుంచి అయిదేళ్ల దాకా ఇరవైమంది పైగా పిల్లలు. వాళ్లందరికీ కలిపి ఒక పంతులమ్మ, వంటకో ఆయా. ఆ పంతులమ్మ మా మేనత్త.

1979 వేసవిలో నాకు పదేళ్లు. మిట్టమధ్యాహ్నం ఎండిన కాలవలో గవ్వలేరుతూ తిరుగుతున్నానని మా అమ్మ నన్ను తీసుకెళ్లి అత్తయ్యకి అప్పజెప్పింది. "ఊరికే కూచోకు. వీళ్ల చేత ఏదో ఒకటి చేయించు" అంది అత్తయ్య.

నాకు పడవలు చేయడం వచ్చు. మామూలు పడవ, కత్తిపడవ, జంట పడవ, మూడూ వచ్చు. మా తరగతిలో కత్తిపడవ చిరక్కుండా తిరగేయగలిగినవాడు నేనొక్కణ్ణే. ఆ ధీమాతో ఆరుగురిని చుట్టూ కూచోబెట్టుకుని కత్తిపడవతోనే మొదలెట్టాను. మూడో మడత దగ్గరే ఒకడు కాగితం నమిలేశాడు. ఒకతి ఏడుపు లంకించుకుంది. మిగతావాళ్లు ఉండలు చుట్టి విసురుకున్నారు. నేను కేకలేస్తుంటే అత్తయ్య వచ్చి, "నీకెంత వచ్చో చూపించుకుంటున్నావురా నువ్వు. ముందు వాళ్ల చేతులు చూడు" అంది.

చూశాను. మూడేళ్ల పిల్లల వేళ్లు ఎప్పుడైనా గమనించారా? బొటనవేలూ చూపుడువేలూ కలిసి పనిచేయడం అప్పుడప్పుడే నేర్చుకుంటూ ఉంటాయి. అంచు మీద అంచు పెట్టి ఒక చేత్తో కదలకుండా పట్టుకోవాలి, రెండో చేత్తో మడత నొక్కాలి. మనకి అది ఒక పని. వాళ్లకి రెండు, ఒక్కోసారి మూడు. అత్తయ్య లెక్క ప్రకారం నాలుగేళ్లు దాటనివాళ్లకి మూడు మడతలే. అంతకు మించిన బొమ్మ ఏదైనా అది నీ బొమ్మ, వాళ్లది కాదు అనేది.

ఆవిడ మాటలు కూడా వేరుగా ఉండేవి. మూల అని ఎప్పుడూ అనేది కాదు. "చెవికి చెవి కలుపు" అనేది. మడత నొక్కడాన్ని "ఇస్త్రీ చెయ్యి" అనేది. పిడికిలి బిగించి కాగితం మీద బరబరా తోసేవారు పిల్లలు. విసనకర్రకైతే పాఠమే అక్కర్లేదు. "అమ్మ కుచ్చిళ్లు ఎలా పోసుకుంటుంది?" అని అడిగేది, అంతే. పాత క్యాలెండరు కాగితం తీసుకుని ముందుకో మడత, వెనక్కో మడత వేసుకుంటూ పోయేవారు. ఒక కుచ్చిలి బెత్తెడు, ఇంకోటి అంగుళం. కింద తాటినార కడితే విసనకర్ర ఒక పక్క చేటలా విచ్చుకునేది. అయినా గాలి వచ్చేది. రోహిణి కార్తె వడగాడ్పులో, కరెంటు లేని వసారాలో, ఇరవై విసనకర్రలు ఒకరి మొహం మీద ఒకరు విసురుకుంటుంటే ఆ చప్పుడు చేలో కొంగలు లేచినట్టుండేది.

కాగితాలకి లోటు లేదు. పరీక్షలైపోయాక ఊళ్లో ప్రతి ఇంట్లోనూ పాత నోటుబుక్కులే. వాటికంటే మాకు ప్రాణం సినిమా కరపత్రాలు. రిక్షాకి రెండు పక్కలా పోస్టర్లు కట్టి, మైకులో అరుచుకుంటూ గుప్పిళ్లతో విసిరేవారు. గులాబీ, పచ్చ, పసుపు రంగుల్లో పల్చటి కాగితాలు, ఒక పక్కే అచ్చు. "అచ్చు లోపలికి, రంగు బయటికి" అంటే పిల్లలకి ఏ వైపు పైకి ఉండాలో ఇట్టే తెలిసిపోయేది. తర్వాతెప్పుడో జపాన్ వాళ్ల ఒరిగామి కాగితాలు చూశాను. రెండు పక్కలా రెండు రంగులు. మా కరపత్రాలు అంతకంటే ఏం తీసిపోయాయని?

చిక్కల్లా అవి చతురస్రంగా ఉండకపోవడమే. ఆ పని నాది. పై చెవి పట్టుకుని ఎదుటి అంచు మీదకి ఐమూలగా మడిస్తే కింద ఒక పట్టీ మిగులుతుంది. ఆ పట్టీని మడిచి, గోరుతో గీరి, నాలుకతో తడిపి చింపాలి. కత్తెర అత్తయ్య ముట్టుకోనిచ్చేది కాదు. చించిన పట్టీలు పారెయ్యకుండా అన్నం మెతుకుతో అంటించి గొలుసులూ, చేతి గడియారాలూ చేసేవాళ్లం.

చతురస్రం చేతికొచ్చాక సగం యుద్ధం గెలిచినట్టే. త్రికోణంగా మడిచి రెండు చెవులూ కిందికి వంచితే కుక్క, పైకి తిప్పితే పిల్లి. కళ్లూ ముక్కూ బొగ్గుతో. అదే త్రికోణంలో ఒక చెవి అటు, ఒక చెవి ఇటు అడ్డంగా మడిచి, పైన మిగిలిన రెండు రేకుల్నీ చెరోపక్కకీ వంచితే గ్లాసు. దీన్ని మాత్రం అయిదేళ్లవాళ్లకే ఇచ్చేవాళ్లం. ఉప్మా లేని రోజున వేయించిన శనగలు ఆ గ్లాసుల్లోనే పోసేది ఆయా. ఎవరి గ్లాసు వాళ్లది. కింద కారిపోయినా సరే ఇంకొకరిది పుచ్చుకునేవారు కాదు.

అత్తయ్య దగ్గర బాలసేవిక శిక్షణనాటి అట్టల పుస్తకం ఒకటుండేది. పేజీకో మడత బొమ్మ అంటించి, కింద గుండ్రటి అక్షరాలతో పేరు. ఆ పుస్తకం తాత ముత్తాతల గురించి నాకు కాలేజీలో లెక్కలు చదివేటప్పుడు తెలిసింది. జర్మనీలో 1837లో చిన్నపిల్లల బడి తెరిచిన ఫ్రోబెల్, పిల్లల చేతులకిచ్చే పనుల్లో కాగితం మడవడాన్నీ చేర్చాడు. అది అక్కణ్ణించి మద్రాసు దాకా వచ్చింది. 1893లో టి. సుందరరావు అనే ఆయన కాగితం మడతలతో రేఖాగణితం చెబుతూ మద్రాసులో ఒక ఇంగ్లీషు పుస్తకం వేశారు. కిండర్‌గార్టెన్ పిల్లలకిచ్చే ఎనిమిదో కానుక చూసి తనకా ఊహ పుట్టిందని ముందుమాటలో చెప్పుకున్నారు. 1901లో అది షికాగోలోనూ అచ్చయింది. మొదటి అధ్యాయం చతురస్రం గురించి. వంకరటింకర కాగితం నుంచి మడతలతోనే చతురస్రం తీయడం. గ్రంథాలయంలో ఆ పేజీ చదువుతుంటే నాలుక మీద కరపత్రం సిరా రుచి తగిలింది.

ఒక్క రోజు మాత్రం చీవాట్లు తిన్నాను. మధ్యాహ్నం పిల్లలు పడుకున్న వేళ పేపరు రెండు పేజీల కాగితంతో టపాకాయ మడిచాను. కొస పట్టుకుని ఒక్క విసురు విసిరితే లోపలి మడత ఢామ్మని బయటికొస్తుంది. వచ్చింది. ఇరవైమందీ ఒకేసారి లేచి ఏడుపు. ఎదురింటి తాతగారు చేతికర్రతో వచ్చేశారు. ఆ సాయంత్రం దాకా ఎవరికీ నిద్ర లేదు, నాకు ఉప్మా లేదు.

మొన్న వేసవిలో హైదరాబాదులో మా మనవరాల్ని దింపే చోట గోడకి ఇరవై కాగితం చేపలు అంటించి ఉన్నాయి. ఒకే కొలత, ఒకే వంపు, ఒకే కన్ను. "నువ్వేం చేశావమ్మా?" అంటే "స్టిక్కర్" అంది. కన్ను అతికించిందట. మిగతాదంతా టీచరమ్మే చేసుకుందన్నమాట. పాపం ఆవిణ్ణి అనడానికేం లేదు, సాయంత్రం ఫొటోలు తీసుకునే మాలాంటివాళ్ల కోసమే ఆ గోడ. కానీ చేప వంకరగా ఉంటే వచ్చే నష్టమేమిటో ఎవరైనా చెప్పాలి.

పడవ దగ్గర అత్తయ్య కూడా తన మూడు మడతల నియమం సడలించేది. అయితే దానికో పద్ధతి ఉంది. మొదటి మడత పిల్లది. మధ్యలో టోపీ దాకా, ఆ తర్వాత చతురస్రం దాకా నాది. చిట్టచివర రెండు చెవులూ పట్టుకుని లాగడం మళ్లీ పిల్లదే. లాగగానే పడవ నోరు తెరుచుకుంటుంది చూడండి, ఆ క్షణంలో వాళ్ల మొహం చూడాలి. మధ్యలో నేను వేసిన మడతలు ఎవరికీ గుర్తుండేవి కావు. "నేనే చేశా" అని తల్లులకి చూపించేవారు. ఆ తల్లులు మట్టి చేతులు పమిటకి తుడుచుకుని మరీ పుచ్చుకునేవారు.

వదలడానికి నీళ్లేవి మరి? చేసిన పడవలన్నీ ఒక గంపలో వేసి చూరుకి కట్టాం. పేర్లు రాయడం రాదు కనక ఎవరి రంగు వాళ్లు గుర్తుపెట్టుకున్నారు. జూన్ వచ్చేసరికి గంప నిండింది.

కాలవ వదిలారన్న కబురు నీళ్లకంటే ముందొచ్చేది. ఆ సాయంత్రం అందరం గట్టుమీద నిలబడ్డాం. ముందు ఎర్రటి నురగ, దాని వెనక గడ్డీ, కొబ్బరి డొక్కలూ తోసుకుంటూ జానెడు నీళ్లు పాములా పాక్కుంటూ వచ్చాయి. పిల్లల్ని కాస్త ఎడంగా కూచోబెట్టి అత్తయ్య గంప దించింది. ఒక్కో పడవా అందుకుని నేను రేవుమెట్ల మీంచి వదిలాను. సగం చెత్తలోనే చిక్కుకున్నాయి. గులాబీ రంగువి రెండో మూడో తూము దాకా వెళ్లాయి. మోకాళ్ల దాకా బురదతో తల్లులు కూడా గట్టుమీదే నిలబడి చూశారు.

మర్నాడు బాలవాడికి వచ్చింది అయిదుగురు పిల్లలు. పూడిక పని అయిపోయింది.