ఐసొలేటైనా పాలే తమ్ముడూ!

డాలస్‌లో మా జిమ్ ట్రైనర్ మన తెలుగు కుర్రాడే. నిన్న మళ్లీ అదే ప్రొటీన్ పొడి డబ్బా చూపించాడు. "వే ఐసొలేట్ అన్నా, లాక్టోజ్ దాదాపు ఉండదు, నీకేం కాదు" అన్నాడు.

లాక్టోజ్ పాలలోని చక్కెర. అరగకపోతే కడుపు ఉబ్బుతుంది, అంతే. నాకున్నది పాల ఎలర్జీ. పడనిది పాలలోని ప్రొటీనే. అందులో దాదాపు 80 శాతం కేసిన్, 20 శాతం వే. చక్కెర తీసేసి ఆ వేనే చిక్కబరిచి డబ్బాకెత్తితే, నాకు సరిపడనిదాన్నే ఏరి ఇచ్చినట్టు! ఒక్క చెంచా తాగితే పెదాలు వాస్తాయి, ఒళ్లంతా దద్దుర్లు.

ఇది చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ట్రైనర్‌కి చెప్పా, కొట్టువాడికి చెప్పా. "పోనీ మేకపాలు తాగు" అన్న స్నేహితుడికీ చెప్పా. ఆవుపాల ఎలర్జీ ఉంటే చాలామందికి మేకపాలూ పడవు బాబూ!

ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి. ఇక్కడ 2004లో చేసిన చట్టం పుణ్యమా అని, డబ్బాలో పాల పదార్థం ఉంటే ఆ సంగతి రాసి తీరాలి. 'నాన్ డెయిరీ' అని ముందు మురిపించే కాఫీ క్రీమర్‌లో దాగిన కేసినేట్ (అదీ కేసినే) గుట్టు డబ్బా వెనక బయటపడుతుంది. మన దేశంలోనూ 2020 నిబంధనల్లో ఇది తప్పనిసరి. కానీ జిమ్‌లో విడిగా కవర్లో కట్టిచ్చే పొడికి వెనకవైపంటూ ఉంటేగా!

అయినా పాలు లేందే కండ రాదన్న ఈ గోలేంటి? మాది భద్రాచలం పైన దుమ్ముగూడెం వైపు. మా చిన్నప్పుడు కోయగూడెం ముసలాళ్లు ఆవుపాలు పిండేవాళ్లు కాదు, అవి దూడవని వదిలేసేవాళ్లు. సంతరోజు వెదురు మోపు భుజాన వేసుకుని వచ్చే తాత ఒకాయన ఉండేవాడు. మా అమ్మ మజ్జిగ ఇస్తానంటే వద్దని, గంజి అడిగి తాగేవాడు. ఆయన పిక్కలు రాయిలా ఉండేవి. సరే, ఆయన నాలా పొద్దస్తమానం కుర్చీలో కూర్చోలేదనుకోండి.

ఇప్పుడు నేను వాడేది బఠానీ, బియ్యం ప్రొటీన్లు కలిపిన పొడి. ఒకదాంట్లో తక్కువైన అమైనో ఆమ్లం రెండోదాంట్లో దొరుకుతుంది. మన పప్పన్నమే, డాలర్లు పోసి కొంటున్నా. కండ పెంచేవాళ్లకి కిలో బరువుకి రోజుకి 1.6 గ్రాముల ప్రొటీన్ చాలంటారు. 70 కిలోల మనిషికి 112 గ్రాములు. వంద గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లోనే 50 దాకా ఉంటుంది, గుడ్డుకి 6.

పాల ఎలర్జీ ఉన్నవాళ్లు దయచేసి డబ్బా వెనక్కి తిప్పి చదవండి. వే, కేసిన్, కేసినేట్, వీటిలో ఏది కనబడినా అక్కడే పెట్టేసి రండి, ట్రైనర్ ఏమన్నా సరే.