అత్తెసరు

పరీక్షలో బొటాబొటిగా గట్టెక్కిన విద్యార్థిని చూచి "అత్తెసరు మార్కులతో బయటపడినాడు" అని పెద్దలు పరిహసించుట మీరు వినియే యుందురు. ఆ మాట బడిలో పుట్టినది కాదు, వంటయింట పుట్టినది. ఎక్కువ నీటిలో బియ్యము ఉడికించి, పిదప గంజి వార్చివేయుట అన్నము వండుటలో ఒక పద్ధతి. బియ్యమునకు చాలునంత నీరు మాత్రమే పోసి, ఆ నీరంతయు మెతుకులలోనే ఇంకిపోవునట్లు వండుట మరియొక పద్ధతి. ఈ రెండవదే అత్తెసరు. బడిలో ఈ మాట తక్కువతనమును తెలుపును. వంటయింట అది నేర్పరితనమునకు గుర్తు. ఈ సంగతి నేను పదుమూడవ యేట, ఆకటి వేళ తెలిసికొంటిని.

1966-67వ విద్యాసంవత్సరమున నేను ఎనిమిదవ తరగతి చదువుచుంటిని. మాది తెనాలి సమీపమున, కాలువగట్టున నున్న చిన్న పల్లె. ఇంట గాదె నిండ ధాన్యమును, కొట్టములో పాడి గేదెయు ఉండెను. ఆ యేడు అర్ధసంవత్సర పరీక్షలో సమతులాహారమును గూర్చి నేను వ్రాసిన సమాధానమును ఉపాధ్యాయులు తరగతిలో చదివి వినిపించిరి. పిండిపదార్థములు, మాంసకృత్తులు, క్రొవ్వులు, లవణములు, విటమినులు - ఒక్కటియు విడువలేదు. పదికి పది మార్కులు వచ్చినవి. ఆ కాగితమును అమ్మకు చూపితిని. ఆమె చదువుకొన్నది కాదు. ఎఱ్ఱసిరాతో వేసిన అంకెను చూచి, పొయ్యి ముందు కూర్చుండియే నవ్వి, "అన్నం తిందువుగాని రా నాయనా" అనెను.

సంక్రాంతి వెళ్ళిన కొలది దినములకే అమ్మ నూతి వద్ద నీరు తోడుచు కళ్ళు తిరిగి పడిపోయెను. నాన్నగారు ఆమెను పట్టణమునకు కొనిపోయి ఆసుపత్రిలో చేర్చి, అక్కడనే ఉండిపోయిరి. ఇంటిలో మిగిలినవారము నలుగురము: రెండు కన్నులకును శుక్లములు క్రమ్మిన నాయనమ్మ, ఆరేండ్ల చెల్లెలు, మా పాలేరు, నేను.

ఆ సాయంకాలము వంట నాదయ్యెను. పొయ్యి రాజుటకే గంట పట్టెను. పొగకు కన్నులు మండినవి. చన్నీళ్ళలోనే బియ్యము పోసి, మంట ఎగద్రోసితిని. అన్నము పొంగి పొయ్యి ఆరిపోయెను. మరల రాజితిని. గంజి వార్చబోగా సిబ్బి జారి, వ్రేళ్ళు కాలి, సగము అన్నము బూడిదలో పడెను. మిగిలిన సగము పలుకుగా నుండెను. చెల్లెలు రెండు ముద్దలు నమిలి, "అమ్మ ఎప్పుడొస్తుంది?" అని అడిగి, గోడకు ఆనుకొని అట్లే నిద్రపోయెను. ఆహారమును గూర్చి పదికి పది మార్కులు తెచ్చుకొన్న నేను ఆరేండ్ల పిల్లకు పిడికెడు మెతుకులు పెట్టలేకపోతిని. ఆ రాత్రి నాకు ఆకలికంటె సిగ్గు ఎక్కువగా నుండెను.

నాయనమ్మ నా చేతికి వెన్న రాయుచు, "రేపు గంజి వార్చవద్దులే. అత్తెసరు పెడుదువుగాని. నాకు కళ్ళు లేకపోతేనేం, చెవులున్నాయి" అనెను.

మరునాడు ఆమె వంటయింటి గుమ్మమున పీట వేసికొని కూర్చుండెను. నాకు ఆమెయే గురువు, ఆ గుమ్మమే బడి. "బియ్యం మట్టి పోయేదాకా కడుగు చాలు. నీళ్ళు తేటపడేదాకా కడిగావంటే సారమంతా కుడితిలోకి పోతుంది. గేదెకు బలం, మనకు చప్పిడి మెతుకులు" అనెను. సోలెడు బియ్యమునకు రెండు సోలల నీరు కొలిపించెను. పాతబియ్యమైనచో కొంచెము ఎక్కువ, క్రొత్తబియ్యమైనచో కొంచెము తక్కువ. ఎసరు కాగిన పిదపనే బియ్యము పోయించెను. ఇంక చూచుటకు పని లేదు, వినుమనెను. మొదట ఎసరు సన్నగా పాడును. బియ్యము పోసిన పిమ్మట కుతకుత ఉడుకును. ఆ చప్పుడు క్రమముగా తగ్గి, అడుగున చిటచిటమను ధ్వని పుట్టగానే, "అదిగో, నీరు ఇంకింది. కట్టెలు లాగెయ్యి. నిప్పుల మీద మగ్గనియ్యి" అనెను. కొంతసేపటికి మూత తీసి, ఒక్క మెతుకు వ్రేళ్ళ నడుమ నొక్కి చూచితిని. మెత్తగా నలిగెను. ఒక్క చుక్క గంజియు పోలేదు.

ఆ వారములోనే పెరటి తోటకూరతో పప్పు వండుటయు నేర్చితిని. ఆకును తరుగుటకు ముందే కడుగవలెను గాని, తరిగిన పిదప కడుగరాదు, మూతపెట్టి వండవలెను, నిమ్మరసము దించిన పిదప పిండవలెను. ఎందుకని నేను అడుగలేదు, ఆమె చెప్పలేదు.

మూడవనాటి పప్పు మిక్కిలి రుచిగా కుదిరెను. ముందు చెల్లెలికి, నాయనమ్మకు పెట్టితిని. పిదప పొలమునుండి వచ్చిన పాలేరునకు పెట్టితిని. ఒక్కొక్కరు మారు అడుగగా సంతోషముతో వడ్డించితిని. తీరా నేను కంచము ముందు కూర్చుండునప్పటికి దాకలో పప్పు లేదు. గరిటెకు అంటినది మాత్రమున్నది. గోంగూర పచ్చడితో, పలుచని మజ్జిగతో భోజనము ముగించితిని. మరునాడును అంతే. ఆ రాత్రి ఖాళీ దాకను తోముచుండగా నాకు ఒక సందేహము పొడమెను. అమ్మ అందరి తరువాత తినును. అప్పుడు ఆమె కంచములో ఏమి యుండును? ఎంత ఆలోచించినను జ్ఞప్తికి రాలేదు. ఎన్నడైన చూచియుండినగదా! పదుమూడేండ్లు ఆమె చేతి వంట తింటిని. ఆమె తినుచుండగా ఒక్కనాడైన చూడలేదు.

అయిదవనాడు నాన్నగారు బట్టలకై ఇంటికి వచ్చిరి. అమ్మకు రక్తహీనత యనియు, ఆమె తిన్న తిండి చాలలేదనియు వైద్యుడు చెప్పినాడట. "గాదె నిండా ధాన్యం పెట్టుకొన్న ఇంట్లో తిండి చాలలేదంటాడేమిటి!" అని వారు నొచ్చుకొనిరి. నాయనమ్మ కొంత తడవు మాటలాడలేదు. పిదప మెల్లగా, "ధాన్యం గాదెలో ఉంటుంది నాయనా, కూర దాకలో ఉంటుంది. దాకలో మిగిలినదే కోడలు తింటుంది. నేనూ అట్లాగే తిన్నాను. అడిగినవాళ్ళెవరు?" అనెను. నాన్నగారు బదులు చెప్పలేదు. నేనును తల వంచుకొంటిని. ఆ ప్రశ్న నా సమాధానపత్రములో లేదు.

రెండు వారములకు అమ్మ ఇనుపధాతువు మాత్రలతో ఇంటికి వచ్చెను. నేను పొయ్యి ముందుండుట చూచి ఆమె కన్నులు చెమర్చెను. నాన్నగారు మాత్రము, "ఇక చాలు. మగపిల్లవాడు పొయ్యి దగ్గర కూర్చుంటే ఊళ్ళో నవ్వుతారు" అనిరి. పురాణములు విని విని కంఠస్థము చేసికొన్న నాయనమ్మ ఊరకుండునా! "భీముడు వలలుడై విరాటరాజు ఇంట వంట చేస్తే ఎవరు నవ్వారురా? బాహుకుడు వండింది రుచి చూసే కదా నలుడని దమయంతి గుర్తుపట్టింది! వాళ్ళకంటె గొప్పవాడా నీ కొడుకు?" అనెను. నాన్నగారే నవ్విరి.

వంట కుదిరినంత మాత్రమున చిక్కు తీరలేదు. అమ్మకు పప్పు వేరు గిన్నెలో తీసి మూతపెట్టితిని. ఆమె దానిని చెల్లెలి కంచములో వంచెను. మరునాడు గట్టిగా చెప్పితిని. "నాకెందుకురా" యని పాలేరునకు వడ్డించెను. ఎన్నో యేండ్ల అలవాటు ఒక గిన్నెతో పోవునా? మూడవనాడు నాన్నగారు భోజనమునకు వచ్చి, కంచము ముందు కూర్చుండక, మరియొక పీట తెచ్చి తమ పీట ప్రక్కన వాల్చి, "నువ్వూ కూర్చో. అందరం ఒక్కసారే తిందాం" అని అమ్మతో అనిరి. అమ్మ సిగ్గుతో గోడవైపునకు తిరిగి కూర్చుండి తినెను. ఆమె కంచములో అన్నమును, పప్పును, కూరయు ఉండుట నేను చూచిన మొదటి దినమది.

పై చదువులకు వెళ్ళిన పిదప, నాయనమ్మ చెప్పని కారణములు నాకు పుస్తకములలో దొరికినవి. బియ్యపు పైపొరలో బి విటమిను లుండును. మరలో మిక్కిలి తెల్లగా పట్టించినచో కొంత పోవును; పలుమారు కడుగుటచే కొంత, గంజి పారబోయుటచే మరికొంత పోవును. ఈ లోపముచేత వచ్చు బెరిబెరి యను వ్యాధి ఒకప్పుడు మన సర్కారు జిల్లాలలోను ఉండెడిది. దాని గుట్టు బయటపడుట కొక వంటవాడు తోడ్పడినాడు! 1890 ప్రాంతమున జావాదీవిలో ఐక్మన్ అను డచ్చి వైద్యుడు కోళ్ళకు ఆసుపత్రిలో మిగిలిన తెల్లని అన్నము పెట్టించుచుండగా, వానికి కాళ్ళు పడిపోయినవి. క్రొత్తగా వచ్చిన వంటవాడు ఆ అన్నము కోళ్ళకు ఇయ్యననెను. ముతకబియ్యము తిన్న కోళ్ళు మరల లేచి తిరుగాడినవి. అటనుండి సాగిన పరిశోధనకు 1929లో ఐక్మనునకు నోబెలు బహుమానము వచ్చెను. మన దేశమున బెరిబెరిని పరిశోధించుటకై 1918లో కూనూరులో ఒక చిన్న శాఖ ఏర్పడెను. అదియే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందెను.

ఆకుకూరల సంగతియు అట్టిదే. రక్తము పట్టుటకు ఇనుముతోపాటు ఫోలికామ్లము కావలెను. దాని పేరే ఆకు అను అర్థము గల లాటినుమాట నుండి వచ్చినది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని శాస్త్రజ్ఞులు 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసిరి. అది నీటిలో కరగును, అతిగా ఉడికించినచో నశించును. కావుననే ఆకును తరుగక మునుపు కడుగవలెను. నిమ్మ, ఉసిరికలలోని సి విటమిను ఆకుకూరలలోని ఇనుము ఒంటబట్టుటకు తోడ్పడును. కాచినచో తగ్గును గనుక నిమ్మరసము దించిన పిదపనే పిండవలెను. నాయనమ్మకు ఈ పేర్లు తెలియవు. నాకు పేర్లన్నియు తెలిసియు అన్నము తెలియలేదు. ఇరువురి తెలివియు ఒక్కచోట కలిసినప్పుడే అది పూర్ణవిద్య.

పట్టణమున చదువుకొను దినములలో చిన్న గదిలో నేనే వండుకొంటిని. గాంధీమహాత్ముడు లండనులో న్యాయశాస్త్రము చదువుచు, ఒంటిగదిలో తన ఉదయపు జావ తానే కాచుకొనెనని ఆయన ఆత్మకథలో చదివి ధైర్యము తెచ్చుకొంటిని. ఖర్చు తగ్గెను, ఆరోగ్యము నిలిచెను. అంతకంటె మిన్నయైన లాభము వేరొకటి: వండినవాని శ్రమ నాకు తెలియుటచే, ఎవరి యింట ఏమి పెట్టినను వంక పెట్టుట మానితిని.

ఇప్పుడు నాకు డెబ్బదియేండ్లు దాటినవి. కట్టెలపొయ్యి పోయి గ్యాసుపొయ్యి వచ్చెను. కొలత నీటితో కుక్కరులో వండు అన్నము నిజమునకు అత్తెసరే. పొగ లేదు, బూడిద లేదు. నేర్చుకొనుట మీకు మాకంటె సులభము. అయినను అంగడి పొట్లములు చించుట తెలిసి, అన్నము వండుట తెలియని పిల్లలను చూచుచున్నాను. బాలురు గాని బాలికలు గాని, పెద్దలు దగ్గర నుండగా వారమున కొక్కపూటయైన వంట నేర్వుడు. బియ్యము కొలువుడు, ఆకు కడుగుడు, ఎసరు చప్పుడు వినుడు. పిదప మీ చేతితో అందరికి వడ్డింపుడు. వడ్డించునప్పుడు, కడపట తినువారి కంచములోనికి ఒక్కసారి తొంగిచూడుడు. నేను ఆహారవిద్య యనునది దీనినే.

పరీక్షలో అత్తెసరు మార్కులు మీకు రావలదు. కాని ఇంట మాత్రము అత్తెసరు పెట్టుట నేర్చుకొనుడు. పదికి పది మార్కులు వచ్చిన నా కాగితము ఎప్పుడో చెదలు తినినవి. ఆనాడు అమ్మ కొరకు నాన్నగారు వాల్చిన పీట నేటికిని మా యింట నున్నది.