నలభై ఎనిమిదో వీధిలో స్ప్రింగ్‌స్టీన్

ఎడిసన్ స్టేషన్‌లో రైలెక్కితే గంటలోపే మన్‌హటన్‌లోని పెన్ స్టేషన్. అక్కణ్ణించి నలభై ఎనిమిదో వీధి దాకా నడిచే వెళ్లాం, నేనూ మా బావమరిదీ. 2018 వేసవి. సాయంత్రమైనా ఎండ తగ్గలేదు, టైమ్స్ స్క్వేర్‌లో అడుగు వేసే సందు లేదు. రాక్ గాయకుడు స్ప్రింగ్‌స్టీన్ ఒంటరి ప్రదర్శనకు ముందుగా పేర్లు నమోదు చేసుకున్నవాళ్లలో కొందరికే కోడ్ వచ్చేది, అది ఉంటేనే టికెట్ కొనుక్కునే వీలు. అసలు ధర 75 డాలర్ల నుంచి 850 దాకా. చేతులు మారితే వేలల్లోకి పోయేది. మావాడికి కోడ్ రావడంతో బాల్కనీలో చోటు దొరికింది.

ఆ ప్రదర్శన జరిగిన వాల్టర్ కెర్ థియేటర్ 1921లో కట్టింది. వెయ్యికి లోపే సీట్లు. 2016 ఆగస్టులో ఇదే బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌ను మెట్‌లైఫ్ స్టేడియంలో చూశాను. దాదాపు నాలుగు గంటలపాటు పాడుతూనే ఉన్నాడు. కానీ మా వరస నుంచి మనిషి బొటనవేలంత, చూసిందంతా తెరమీదే. ఇక్కడ తెరల్లేవు, బ్యాండూ లేదు. వెనక ఇటుకగోడ, ఓ పియానో, సామాన్లు మోసే పెట్టెలు కొన్ని. 2017 జనవరిలో, ఒబామా పదవి దిగిపోయే ముందు, వైట్‌హౌస్ సిబ్బంది కోసం ఒంటరిగా గిటార్ పట్టుకుని పాడాడట. అక్కడ పుట్టిన ఆలోచనే ఇది.

నల్ల టీషర్టు, జీన్స్‌తో వచ్చి నేరుగా మాటల్లోకి దిగాడు. జన్మలో ఫ్యాక్టరీలో పనిచెయ్యలేదనీ, అయినా తన పాటలన్నీ ఆ బతుకుల గురించేననీ, అదంతా కల్పనేననీ తనే ఒప్పుకున్నాడు. జనం పగలబడి నవ్వారు. గిటార్ మీద వేళ్లు ఆడుతూనే ఉంటాయి, పాట మధ్యలో ఆగుతుంది, కథ మొదలవుతుంది, మనం అందులో మునిగాక మళ్లీ పాట అందుకుంటాడు. చిడతలొక్కటే తక్కువ గానీ ఇది హరికథే, పిట్టకథలతో సహా.

“బావా, పాటలకన్నా మాటలే ఎక్కువున్నాయే!” అని గొణిగాడు మావాడు. ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది.

మాటల్లో ఎక్కువ పాలు తండ్రికే దక్కింది. అతని సొంతూరు ఫ్రీహోల్డ్ మా ఎడిసన్‌కు పెద్ద దూరం కాదు. అప్పట్లో తివాచీల మిల్లు ఉన్న ఊరు. తండ్రి ఆ మిల్లులో చేశాడు, ఎడిసన్‌లోని ఫోర్డ్ ఫ్యాక్టరీలోనూ చేశాడు (అది 2004లో మూతపడింది), బస్సూ నడిపాడు. రాత్రిళ్లు బార్‌లో కూర్చుండిపోతే, పిలుచుకు రమ్మని తల్లి చిన్న బ్రూస్‌ను లోపలికి పంపేదట. పిల్లాడి ఎత్తు నుంచి కనబడిన ఆ బార్‌ను వర్ణిస్తూ, మధ్యలో మైకు వదిలేసి స్టేజీ అంచుకు వచ్చాడు. ఏ యంత్రం సాయమూ లేని ఆ గొంతు బాల్కనీ దాకా వచ్చింది, కాస్త బొంగురుగా. స్టేడియంలో వేలమంది మధ్య నాకు అందని మనిషి అక్కడ అందాడు. తర్వాత పియానో ముందు కూర్చుని తల్లి గురించి చెప్పాడు. లాయర్ ఆఫీసులో సెక్రటరీ ఆవిడ. అప్పటికే అల్జీమర్స్ వచ్చింది, నాట్యం మీద ఇష్టం మాత్రం పోలేదట.

‘బోర్న్ ఇన్ ది యూఎస్ఏ’ను మాత్రం నేను పోల్చుకోలేకపోయాను. 1984లో రేగన్ న్యూజెర్సీ ఎన్నికల సభలో స్ప్రింగ్‌స్టీన్ పేరెత్తి, అతని పాటల్లో ఆశ ఉందని మెచ్చుకున్నాడు. ఆ ఏడాది ఈ పాటను దేశభక్తి గీతంగా విన్నవాళ్లకు లెక్కలేదు. నిజానికది వియత్నాం నుంచి తిరిగొచ్చి పని దొరకని సైనికుడి గోడు. ఆ రాత్రి డ్రమ్ముల్లేవు, సింథసైజర్ లేదు. గిటార్ తీగల మీద స్లైడ్ జారుతుంటే సగం అరుపు, సగం ఏడుపు. తన ఊరి సంగీతకారులు ఆ యుద్ధంలో పోయారనీ, సైన్యం తనను వద్దన్నాక తన బదులు ఎవరు వెళ్లారో అని ఇప్పటికీ అనుకుంటాననీ చెప్పాడు. డ్రమ్ముల మోతే ఆ పాటను ఇన్నాళ్లూ కప్పేసిందని నా అనుమానం.

భార్య పాటీ స్కాల్ఫా వచ్చి రెండు పాటలు కలిసి పాడింది. చివరి భాగంలో దేశ రాజకీయాల మీద మాటలు కొంత ఉపన్యాసం వాసన వేశాయి. ప్రతి రాత్రీ దాదాపు అవే మాటలు, అవే విరామాలని విన్నాను. అయినా వల్లించినట్టు అనిపించకపోవడం అతని పనితనం.

ఇంకో మాటా అన్నాడు: పారిపోవడం గురించి జీవితమంతా పాడిన తను, పుట్టిన ఊరికి పది నిమిషాల దూరంలోనే ఉంటున్నానని. హాలంతా నవ్వింది. ఊరొదిలి సముద్రాలు దాటి వచ్చిన మేమిద్దరం కాస్త ఆలస్యంగా నవ్వాం.

2018 డిసెంబర్ 15తో, 236 ప్రదర్శనల తర్వాత ఆ విడత షో ముగిసింది. మర్నాడే నెట్‌ఫ్లిక్స్‌లోకి సినిమాగా వచ్చింది. చూడబోతే, ముందు ‘నెబ్రాస్కా’ వినండి. 1982లో ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద ఒక్కడే పాడుకున్న ఆల్బమ్ అది. ఫోను పక్క గదిలో పెట్టి మరీ వినండి.