ఒక్క చేవ్రాలు



మా వారు బడినుండి తెచ్చిన యొక పుస్తకమున నిటీవల నొక ఛాయాపటము చూచితిని. ఓడరేవున నొక యిల్లాలు నిలుచున్నది. ఆమె చేతులలో పసిబిడ్డ నిద్రించుచున్నది. తల్లి కోటునకును బిడ్డ కోటునకును, మూటలకు కట్టెడి చీటీల వంటివి వ్రేలాడుచున్నవి. ఆ తల్లి ముఖమున నేడ్పు లేదు, కోపమును లేదు. మూడు దినములు ఆ ముఖమే నా కన్నుల మెదలెను. దాని వెనుకటి కథ తెలిసికొన్న పిమ్మట మీతో చెప్పక యుండలేకున్నాను.

ఆ రేవు అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున, సియాటిల్ నగరమున కెదుట నున్న బెయిన్‌బ్రిడ్జి యను చిన్న ద్వీపముది. ఆ దినము 1942 మార్చి 30. ఆమె పేరు ఫుమికో హయాషిడా. వయస్సు 31 ఏండ్లు. స్ట్రాబెరీ పండ్లు పండించు రైతు భార్య; అప్పటికి మరల గర్భవతి. ఆ యుదయమున సైనికులు తుపాకులు పట్టి, జపాను సంతతివారు 227 మందిని పడవ యెక్కించిరి. చేత మోయగలిగినంత సామాను మాత్రమే తీసికొనవలెను. వారికిచ్చిన గడువు ఆరు దినములు. ఇల్లు, తోట, పెంచుకొన్న జీవములు అన్నియు విడిచిపోవలసి వచ్చెను. వారిలో పెక్కురు ఆ గడ్డమీదనే పుట్టిన పౌరులు. ఒక్కరి మీదను నేరారోపణ లేదు, విచారణ లేదు.

ఇంతకును మూలము ఒక్క చేవ్రాలు. 1941 డిసెంబరు 7న జపాను విమానములు పెర్ల్ హార్బరును ముట్టడించెను. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజువెల్టు 9066వ సంఖ్య గల యుత్తరువుపై సంతకము చేసెను. విచిత్ర మేమనగా, అందు జపానువారను మాటయే లేదు. సేనాధిపతులు తాము గిరిగీసిన ప్రదేశమునుండి ఎవరినైనను తొలగింపవచ్చునని మాత్రమే యున్నది. పేరు చెప్పని యా యుత్తరువు సుమారు 1,20,000 మందిని ముళ్ళకంచెల వెనుకకు త్రోసినది. వారిలో మూడింట రెండు వంతులు పౌరులు.

ఈ రూజువెల్టు క్రూరుడని పేరొందినవాడు కాడు. పనిలేక యలమటించు బీదలకు పనులు కల్పించి, 1935లో వృద్ధులకు భృతి యేర్పరచిన శాసనమును తెచ్చినవాడు. బీదల పక్షమున నిలుచు నావంటివారికి గౌరవనీయుడే. అందుచేతనే యీ కథ నన్ను మరింత కలచినది. మంచివాడు గదా యని పగ్గములు వదలితిమా, ఆ మంచివాని చేతనే యింత చెడుగు జరుగవచ్చును. అధికారమునకు హద్దు కావలయు ననుట చెడ్డ పాలకుని కొరకు మాత్రమే కాదు.

ఆ దేశమున శాసనములు చేయునది కాంగ్రెసు, నడపువాడు అధ్యక్షుడు, తగవు తీర్చునది న్యాయస్థానము. ముక్కాలిపీట వంటి యేర్పాటు. కాని యా భయకాలమున మూడు కాళ్ళును ఒక్క వైపునకే యొరిగెను. ఉత్తరువును మీరినవారికి ఏడాది చెర, 5,000 డాలర్ల జుల్మానా యని కాంగ్రెసు మార్చి నెలలోనే శాసనము చేసెను. 1944 డిసెంబరు 18న సర్వోన్నత న్యాయస్థానము, కొరెమాట్సు వ్యాజ్యెమున ఆరుగురు ఔననగా ముగ్గురు కాదనగా, ఆ వెడలగొట్టుటను సమర్థించెను.

యుద్ధభయమే కారణమందురా? హవాయి దీవులు యుద్ధరంగమునకు మరింత సమీపము. అచ్చట జపాను సంతతివారు లక్షన్నరకు మించి యుండిరి. అయినను వారిలో కొద్దిమందినే నిర్బంధించిరి. వారు లేనిదే యచ్చటి పనులు సాగవు. కాలిఫోర్నియాలోనో, ఈ రైతులతో పోటీపడు తెల్లరైతు సంఘములు కొన్ని వారు పోవలెనని బాహాటముగ కోరినవి. భయము నోటి మాట. లాభము కడుపులోని మాట. జాతిద్వేషము, యుద్ధోన్మాదము, నాయకుల వైఫల్యమే కారణములని కాంగ్రెసు నియమించిన విచారణసంఘమే 1983లో తేల్చి చెప్పెను.

చిన్ననాడు మా తాతగారి యొద్ద నన్నయ భట్టారకుని సభాపర్వము చదువుకొనునప్పుడు, ద్రౌపది ప్రశ్నకు సభలోని పెద్దలు తలలు వంచుకొనుట నాకు దుశ్శాసనుని చేతికంటె ఘోరముగ తోచెడిది. వికర్ణు డొక్కడు లేచి పలికెను. బెయిన్‌బ్రిడ్జిలోను అట్టివారుండిరి. ఆ ద్వీపపు చిన్న వారపత్రికను వాల్ట్ వుడ్వర్డు, ఆయన భార్య మిల్లీ కలిసి నడుపుచుండిరి. ఆ తీరమున ఇది యన్యాయమని వ్రాసిన పత్రికలు మిక్కిలి యరుదు. వాటిలో వీరిదొకటి. కొందరు చందాలు మానుకొనిరి. వీరు వ్రాత మానలేదు.

అంతకంటె నాకు నచ్చినది మరొకటి. నిర్బంధశిబిరమునకు పోయిన పాఠశాల విద్యార్థులను వారు విలేఖరులుగ నియమించిరి. ఎవరింట బిడ్డ పుట్టినది, ఎవరికి పెండ్లియైనది, ఎవరు గతించిరి, బంతియాటలో నెవరు గెలిచిరి యను వార్తలు ప్రతివారము ఊరి పత్రికలో వచ్చుచుండెను. ఉత్తరువు వారిని ఊరినుండి తీసివేసినది; ఈ దంపతులు ఊరి మాటలనుండి తీసివేయనీయలేదు. యుద్ధానంతరము ఆ ద్వీపమునుండి పోయినవారిలో సగమునకు మించి తిరిగి వచ్చిరి. ఫుమికోయును 2006లో కాంగ్రెసు ఉపసంఘము నెదుట సాక్ష్యమిచ్చి, 2014లో 103 ఏండ్ల వయస్సున గతించెను.

మిత్సుయె ఎండో యను మరియొక వనితను గూడ తలపవలెను. కాలిఫోర్నియా ప్రభుత్వమున గుమాస్తాగిరి చేయుచుండిన యువతి. ఆమె తరఫున దావా పడగానే, పడమటి తీరమునకు పోనని యొప్పుకొన్నచో విడిచిపెట్టెదమని ప్రభుత్వమువారు ఆశ చూపిరి. తాను బయటపడినచో వ్యాజ్యెము చచ్చునని, ఆమె శిబిరముననే యుండిపోయెను. కొరెమాట్సు తీర్పు వెలువడిన దినముననే, విశ్వాసపాత్రురాలగు పౌరురాలిని నిర్బంధింప నధికారము లేదని న్యాయస్థానమున నందరు నేకగ్రీవముగ తీర్పు చెప్పిరి.

1988లో ఆ దేశము క్షమాపణ చెప్పి, బ్రతికియున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లిచ్చెను. కొరెమాట్సు తీర్పు ఘోరమైన తప్పని 2018లో ప్రధాన న్యాయమూర్తియే వ్రాసెను. కాని చేవ్రాళ్ళ బలము తగ్గినదా? 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంపు 1798 నాటి శత్రువిదేశీయుల శాసనమును బయటికి తీసి, వందమందికి పైగా వెనిజులావారిని విచారణ లేకుండనే ఎల్ సాల్వడోరు చెరసాలకు పంపెను. ముందు తెలియజేసి, చెప్పుకొన నవకాశ మీయవలెనని ఏప్రిలులో న్యాయస్థానము పలుకవలసి వచ్చెను. ఆ యేడాదియే షికాగో నగరమున, వలసవారిని పట్టుకొన వచ్చు అధికారులను చూచి పొరుగువారు ఈలలు వేసి హెచ్చరించిరి.

మన తెలుగిండ్ల బిడ్డలెందరో యిప్పుడా దేశమున నున్నారు. అది పరుల గొడవ యని మనమనుకొనరాదు. 1923 నాటి తీర్పువలన భారతీయులకును అచ్చట పౌరసత్వము లేకపోయెను. 1946లో గాని ఆ తలుపు తెరువబడలేదు. నేడు మరియొకరి పేరు పెట్టని యుత్తరువు, రేపు మన పేరు పెట్టకయే మన గుమ్మము తట్టవచ్చును.

ఇంత చెప్పిన నేనెట్టిదానను? నాలుగేండ్ల క్రిందట మా యూరి కాలువగట్టున నున్న గుడిసెలను, ఉత్తరువైనదని, ఒక్క ఉదయమున తీసివేసిరి. అచ్చటి పిల్ల యొకతె సాయంకాలములందు మా యింటికి వచ్చి నా యొద్ద అక్షరములు దిద్దుకొనెడిది. వారు మూటలు నెత్తిన బెట్టుకొని పోవుచుండగా నేను గుమ్మమున నిలిచి చూచితిని. ఎక్కడికి పోవుచున్నారని యైన నడుగలేదు. ఆ పిల్ల పలక యిప్పటికిని మా గూటిలో నున్నది.

ఆ పటము చూచిన పిమ్మట మా పాలామెను విచారించితిని. వారు ఏటి యవతలి యిటికబట్టీల యొద్ద నున్నారట. ఈ యాదివారము ఆ పలక తీసికొని వెళ్ళెదను. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదని ఆ తల్లి యడిగినచో నేమి చెప్పవలెనో యింకను తోచలేదు. అయినను వెళ్ళెదను.