మడతకప్పు కారులో కోనసీమ

కోనసీమను పడవలో చూసినవారున్నారు, బస్సులో చూసినవారున్నారు. ఈసారి మనం ఒక వింత బండిలో చూసి వద్దాం, రండి. ఈ బండికి పైకప్పు దళసరి గుడ్డతో చేసినది. ఒక మీట నొక్కితే చాలు, కప్పు తనంతట తానే లేచి, మడతలు పడి, సీట్ల వెనకనున్న అరలోకి పోయి పడుకుంటుంది. ఇటువంటి కారును కన్వర్టిబుల్ అంటారు. మనం మడతకప్పు కారు అందాం.

మన కారు జర్మనీకి చెందిన బి.ఎం.డబ్ల్యు. కంపెనీవారి జడ్-4 అనుకోండి. దానిలో ఇద్దరికే చోటు. ఒకటి నడిపేవారిది, రెండోది మీది! కప్పు తెరుచుకోవటానికి పట్టే కాలం 10 సెకండ్లు. మన దేశంలో అమ్మిన బలమైన రకానికి 340 గుర్రాల బలం ఉన్నది. నిలబడి ఉన్న కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవటానికి నాలుగున్నర సెకండ్లు చాలు. మీరు ఊపిరి పీల్చి వదిలేలోపల వేగం వచ్చేస్తుందన్నమాట.

సరే, బయలుదేరదాం. రాజమహేంద్రవరం వైపునుంచి వచ్చి, జొన్నాడ దగ్గర గౌతమీ గోదావరి వంతెన దాటితే రావులపాలెం వస్తుంది. కోనసీమకు అది సింహద్వారం వంటిది. అక్కడి సంతలో అరటిగెలలు కొండల్లాగా పోసి ఉంటాయి. ఇక్కడ కప్పు తీసేద్దాం. పండిన అరటి వాసన, కాలవ నీటి వాసన, తడి మట్టి వాసన, అన్నీ ఒక్కసారి మన మీదికి వస్తాయి. అద్దాలు బిగించుకున్న కారులో వెళ్లేవారికి ఈ వాసనలు దొరకవు.

కారు కదలగానే మీ జుట్టు ఎటు ఎగురుతుంది? వెనక్కి అంటారు. కాదు, ఒక్కొక్కసారి ముందుకు వచ్చి మీ కళ్లనే కప్పుతుంది! కారణం చెపుతాను. ముందు అద్దం గాలిని పైకి తోసేస్తుంది. అందువల్ల అద్దం వెనక గాలి ఒత్తిడి కాస్త తగ్గుతుంది. మన నెత్తిమీదుగా పోయిన గాలి ఆ వెలితిని నింపటానికి సుడి తిరిగి వెనకనుంచి వస్తుంది. వంతెన స్తంభం వెనక గోదావరి నీరు సుడి తిరగటం మీరు చూసే ఉంటారు. ఇదీ అటువంటిదే.

కప్పు తీస్తే మరో చిక్కు ఉన్నది. చెప్పులు కొన్నప్పుడు వచ్చే అట్టపెట్టె ఒకటి తెచ్చుకోండి. మూత పెట్టి, రెండు చివరలూ పట్టుకుని మెలితిప్పి చూడండి. గట్టిగా ఉంటుంది. మూత తీసి మెలితిప్పండి. చేతిలో మెలికలు తిరిగిపోతుంది. కారు సంగతీ అంతే. ఇనుప కప్పు కారుకు నీడ ఇవ్వటమే కాదు, బలమూ ఇస్తుంది. అది లేనప్పుడు ఆ లోటు తీర్చటానికి అడుగుభాగాన్నీ, తలుపుల కిందనున్న దూలాలనూ మరింత బలంగా కడతారు. ఈ అడుగుభాగాన్ని గుర్తుంచుకోండి. దాని కథ అంతర్వేదిలో వస్తుంది.

కొత్తపేట దారి పట్టాం. ఒకవైపు కాలవ, మరోవైపు కొబ్బరితోట. ఈ కాలవలకు నీరు ధవళేశ్వరంనుంచి వస్తుంది. అక్కడ ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తి అయింది. ఆ కాలవల గట్లవెంట మెలికలు తిరుగుతూ పోతాయి కోనసీమ రోడ్లు. కోతలైన రోజుల్లో రోడ్డు మీదనే ధాన్యం ఎండబోస్తారు. ఇదుగో, మన ముందు కొబ్బరికాయల లోడుతో ట్రాక్టరు ఒకటి నింపాదిగా పోతున్నది. దాని వెనక మన 340 గుర్రాలూ తల వంచుకుని నడవవలసిందే!

నడిపేవారు తొందరపడి ట్రాక్టరును దాటబోతే ఏమవుతుంది? గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకండుకు 28 మీటర్లు పోతుంది. మలుపు తిరగగానే రోడ్డు దాటే బాతుల గుంపు కనిపించిందనుకోండి. కంటికి కనిపించి, కాలు బ్రేకు మీదికి పోవటానికే ఇంచుమించు ఒక సెకండు పడుతుంది. బ్రేకు పనిచెయ్యకముందే 28 మీటర్లు పోయామన్నమాట. అదే 30 కిలోమీటర్ల వేగమైతే ఎనిమిది మీటర్లే. వేగంగా పోగల కారు ఉన్నవాడు నిదానంగా పోవటం మరింత శ్రద్ధగా నేర్చుకోవాలి.

ఇంతలో అమలాపురం వచ్చింది. 2022లో కొత్తగా ఏర్పడిన జిల్లాకు ఇదే ముఖ్యపట్టణం. కారు ఆపామో లేదో చుట్టూ జనం చేరారు. "టాపు ఏదండీ?" అంటాడొక కుర్రాడు. "వానొస్తే ఎలాగండీ?" అంటాడొక పెద్దమనిషి. మీట నొక్కి కప్పు వేసి, మళ్లీ తీసి చూపించాం. అందరికీ సంతోషమే. వింత వస్తువు ఉన్నవాడికి దాన్ని నలుగురికీ చూపించటంలోనే సగం ఆనందం.

అంబాజీపేట చేరేసరికి ఎండ ముదిరింది. ఇది కొబ్బరి వ్యాపారానికి పేరుపడ్డ ఊరు. నీడగా ఉన్నదని కారును కొబ్బరిచెట్టు కింద ఆపబోతున్నారా? ఆగండి! చెట్టు ఎత్తు 20 మీటర్లు అనుకుందాం. కాయ తొడిమ ఊడి పడితే నేలకు చేరటానికి పట్టేది రెండే రెండు సెకండ్లు. గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే, అప్పటికి దాని వేగం గంటకు 70 కిలోమీటర్లు! మన కారు కూడా రెండు సెకండ్లలో అంత వేగం అందుకోలేదు. ఏ ఇంజనూ లేని కొబ్బరికాయ పందెంలో మన కారును ఓడించిందన్నమాట. అంత వేగంతో వచ్చే కాయకు గుడ్డ కప్పు ఒక అడ్డా? అందుకే కోనసీమలో మడతకప్పు కారు ఉన్నవారు మొదట పైకి చూడాలి, తరువాతనే కారు నిలపాలి.

ఇక్కడికి దగ్గరలోనే మొసలపల్లి జగ్గన్నతోట ఉన్నది. ఏటా కనుమనాడు అక్కడ ప్రభల తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్లనుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. వెదుళ్లతో కట్టి, రంగురంగుల గుడ్డలతో అలంకరించిన ఎత్తైన ప్రభలను మనుషులు భుజాల మీద మోసుకువస్తారు. వాటికి చక్రాలు లేవు, ఇంజను లేదు. పచ్చని చేల మధ్యగా, కౌశిక కాలవ నీటిలోకి దిగి మరీ దాటిస్తారు. 2023 రిపబ్లిక్ దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్రపు శకటం మీద ఊరేగింది ఈ ప్రభల తీర్థమే. చూపించటమంటే కోనసీమవారికి ఎంత ఇష్టమో చూశారా! కాని ప్రభ కట్టటానికి ముందు ఎన్ని చేతులు వెదుళ్లు చీరాయో, ఎన్ని ముడులు వేశాయో చూడవచ్చినవారికి తెలియదు.

పి.గన్నవరం దగ్గర ఒక వింత. ఇక్కడ వైనతేయ నది కింద పారుతుంటే, దాని మీదుగా వంతెనలాంటి కట్టడంలో కాలవ పారుతుంది. దీన్నే అక్విడక్టు అంటారు. నీటి మీద నీరు! కాటన్ కాలంనాటి పాత కట్టడం పక్కనే ఈ కాలపు కొత్త కట్టడం కూడా కనిపిస్తుంది.

రాజోలు దారిలో వాన పట్టుకున్నది. భయంలేదు. వేగం 50 కిలోమీటర్లకు లోపల ఉంటే, కారు నడుస్తుండగానే కప్పు వేసుకోవచ్చు. వాన వెలిసింది. మళ్లీ కప్పు తీద్దామా? వద్దు! తడిసిన గుడ్డను మడిచి అరలో పెడితే బూజు పడుతుంది. తడిబట్టలు పెట్టెలో పెడితే అమ్మ ఊరుకుంటుందా? ఇదీ అంతే. గుడ్డ ఆరినదాకా కప్పు అలాగే ఉండాలి. ఇంకొకటి. కప్పు మీద పడిన నీరు పోవటానికి కారులో సన్నని గొట్టాలుంటాయి. చింతాకులూ, కొబ్బరిపీచూ పడి అవి మూసుకుపోతే నీరు లోపలికి వచ్చి సీట్ల కింద నిలుస్తుంది. అందుచేత అప్పుడప్పుడూ ఆ గొట్టాలను శుభ్రం చెయ్యాలి.

"ఇంత బాధ దేనికి? కొని షెడ్డులో పెట్టి, తుడుచుకుంటూ ఉంటే సరి" అంటారేమో. కదలని కారు కూడా పాడవుతుంది. బాటరీలో విద్యుత్తు అడుగంటుతుంది. నెలల తరబడి ఒకే చోట నిలిచిన టైర్లకు నేల తగిలేచోట నొక్కు పడుతుంది. రబ్బరు గొట్టాలు ఎండి బీటలు వారతాయి. హైదరాబాదు చౌమహల్లా పాలెస్‌లో పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు ఒకటి ఉన్నది. దాని వెనక సీటు సింహాసనంలా ఉంటుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దానికి ఆర్డరు ఇచ్చాడు గాని, అది రాకముందే 1911లో చనిపోయాడు. వచ్చిన తరువాత అది తిరిగింది బహు తక్కువ. కదలకుండా ఏళ్ల తరబడి నిలిచిపోయిన ఆ కారును చాలాకాలం తరువాత బాగుచేయించి ప్రదర్శనలో పెట్టారు. రాజుగారి కారైనా సరే, చూసుకునే చెయ్యి కావాలి.

మలికిపురం దాటి, సఖినేటిపల్లి దాటి, అంతర్వేది చేరాం. ఇక్కడ వసిష్ఠ గోదావరి సముద్రంలో కలుస్తుంది. దీపస్తంభం కనిపిస్తున్నది. ఇసుకలోకి మాత్రం కారు దించకండి. మన కారు అడుగుకూ నేలకూ మధ్య ఎడం జానెడులో సగమే. దిగితే మళ్లీ లాగటానికి ఊరంతా రావాలి!

ఇప్పుడు ఆ అడుగుభాగం కథ. పెదవులు నాకి చూడండి. ఉప్పగా ఉన్నది గదూ? సముద్రపు గాలి వెంట కంటికి కనిపించని ఉప్పునీటి తుంపర్లు వస్తాయి. ఇనుముకు నీరూ, గాలిలోని ఆక్సిజనూ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు కలిసిన నీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది గనక ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. మెరిసే రంగు కింద ఇనుము దాగి ఉంటుంది. కాని అడుగున రాళ్లు తగిలి రంగు లేచిపోయిన చోటులను ఎవరూ చూడరు. తుప్పు అక్కడనే మొదలవుతుంది. మడతకప్పు కారుకు బలమంతా అక్కడనే ఉన్నదని అనుకున్నాం గదా! అందుకే సముద్రం చూసి వచ్చిన రోజున కారు అడుగును మంచినీటితో బాగా కడగాలి. పాతకార్ల పోటీలలో న్యాయనిర్ణేతలు ముందు మెరుపు చూసి, తరువాత వంగి అడుగు చూస్తారు. బహుమతి చాలాసార్లు అక్కడనే తేలిపోతుంది.

అంతర్వేదిలో మన కారుకంటె ఎంతో పెద్ద బండి ఒకటి ఉన్నది. అది లక్ష్మీనరసింహస్వామి రథం. మాఘమాసంలో స్వామి కల్యాణం జరిగిన మర్నాడు, భీష్మ ఏకాదశినాడు, వేలాది చేతులు తాళ్లు పట్టి దాన్ని లాగుతాయి. ఏడాదికి ఒక్కసారి ఆ వైభవం. మిగతా రోజులన్నీ అది తన షెడ్డులోనే ఉంటుంది.

పాత రథం టేకుతో చేసినది. 40 అడుగుల ఎత్తు. ఇంచుమించు 60 ఏళ్లు స్వామిని మోసింది. 2020 సెప్టెంబరు 5వ తేదీ అర్ధరాత్రి దాటాక షెడ్డులో మంటలు లేచాయి. తెల్లవారేసరికి మిగిలింది బొగ్గూ, బూడిదే. తాళ్లు లాగినవారు, తండ్రి భుజాలమీద ఎక్కి రథం చూసినవారు, ఎందరో వచ్చి ఆ బూడిద ముందు నిలబడి కన్నీరు పెట్టారు. ఊరేగింపునాడు దాని చుట్టూ వేల కళ్లు. మంటలు లేచిన వేళ అది చీకట్లో ఒంటరిగా ఉన్నది.

తరువాత వడ్రంగులు పూనుకున్నారు. మళ్లీ టేకు తెచ్చి, ఏడంతస్తుల కొత్త రథం చేశారు. 2021 ఫిబ్రవరి 19న, రథసప్తమినాడు, దాన్ని స్వామికి అప్పగించారు. ఆ నెలలోనే భీష్మ ఏకాదశికి కొత్త రథం కదిలింది. ఆరునెలలు తిరగకముందే మళ్లీ తాళ్లు చేతికి వచ్చాయి. కాని అరవై ఏళ్ల పాత రథం, తాతలు ఎరిగిన రథం, మరి రాదు.

కారైనా, ప్రభ అయినా, రథమైనా, చూపించేది ఒక్క రోజు. కాపాడవలసింది మిగిలిన 364 రోజులూ. వస్తువు ఎవరిదని అడిగితే, కొన్నవాడిదని లోకం అంటుంది. ఎవరూ చూడనప్పుడు దాని అడుగు కడిగినవాడిదే అని నేనంటాను.

ఇంటికి పోయాక ఒక పని చెయ్యండి. మూడు కొత్త మేకులు తీసుకోండి. ఒకటి పొడి గిన్నెలో పడెయ్యండి. రెండోదాన్ని మంచినీటితో తడిపిన గుడ్డలో చుట్టండి. మూడోదాన్ని ఉప్పునీటితో తడిపిన గుడ్డలో చుట్టండి. గుడ్డలు ఆరకుండా చూస్తూ, నాలుగు రోజులాగి ముగ్గురినీ పక్కపక్కన పెట్టండి. మిగతా సంగతి ఆ మేకులే చెపుతాయి.

మీకు మడతకప్పు కారు లేకపోవచ్చు. సైకిలు ఉన్నది గదా! దానికి మడవటానికి కూడా కప్పు లేదు. ఈ ఆదివారం దాన్ని కడిగి, తుడిచి, గొలుసుకు రెండు చుక్కల నూనె వెయ్యండి. కడిగేటప్పుడు అడుగు మరిచిపోకండి.