వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు

"వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడు" అనే సామెతను మనం జీతాల విషయానికే పరిమితం చేసేశాం. మగని సంపాదనకు ఆలి సంపాదన తోడైతే ఆ మాట అంటాం. మా ఇంట్లో ఇద్దరమూ ఉద్యోగస్థులమే. ఎవరివి వేణ్ణీళ్ళో ఎవరివి చన్నీళ్ళో ఇప్పటికీ తేలలేదనుకోండి! కాని, సామెత పుట్టింది జీతం రాళ్ళ దగ్గర కాదు, నీళ్ళ పొయ్యి దగ్గర.

మా పెద్దకడుబూరు వైపు స్నానం చెయ్యడాన్ని నీళ్ళు పోసుకోవడం అంటారు. వెనకటి రోజుల్లో కాగు దింపి, బకెట్టులోకి వంచి, చన్నీళ్ళు కలిపి, చెయ్యి ముంచి చూసి, ఆ తరువాతనే "ఇంక రాండి" అని పిలిచేవారు ఇంటి ఆడవాళ్ళు. గోరువెచ్చన అనే మాటలో ఎంత అందం ఉందో చూడండి. థర్మామీటరు లేకుండా వేలి కొసతో తేల్చిన కొలత అది. గీజరు వచ్చింది, పొగ పోయింది, చాలా సంతోషం. దానితోపాటు, ముందుగా నీళ్ళలో మునిగి చూసే ఆ చెయ్యి కూడా పోయింది.

మా అత్తగారికి చాలా ఏళ్ళుగా చక్కెర వ్యాధి. పాదాలకు స్పర్శ బాగా తగ్గింది. పోయిన చలికాలంలో ఒకనాడు వేణ్ణీళ్ళ కొళాయి తిప్పి కాళ్ళమీద పోసుకున్నారు. మంట తెలిస్తే కదా! మధ్యాహ్నం పాదం మీద బొబ్బ చూసి నేను అడిగితే, "యాడన్నా రాసుకున్నెట్లుంది లేమ్మా" అన్నారు. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. అన్నాళ్ళూ ఆదోనికీ ఇంటికీ తిరుగుడే.

60 డిగ్రీల నీళ్ళు పెద్దవాళ్ళ చర్మాన్నయినా సుమారు 5 సెకన్లలో లోతుగా కాల్చేస్తాయి. 50 డిగ్రీలయితే దాదాపు 5 నిమిషాలు పడుతుంది. పసివాళ్ళకూ ముసలివాళ్ళకూ ఆ వ్యవధి కూడా ఉండదు.

"అయితే గీజరునే 40 దగ్గర పెట్టేస్తే సరి" అన్నారు మావారు. నిలవ నీళ్ళు 20 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే లెజియోనెల్లా అనే సూక్ష్మజీవికి పండగే. 1976లో అమెరికాలో, ఫిలడెల్ఫియా నగరంలో మాజీ సైనికుల సభకు వచ్చినవారు న్యుమోనియాతో పడిపోతే, మరుసటి ఏడు దాన్ని పట్టుకుని ఆ సంఘం పేరే పెట్టారు. నీటి తుంపరలతోపాటు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. 60 డిగ్రీల దగ్గర ఎంతోసేపు బతకదు. అంటే, తొట్టిలో నీళ్ళు బాగా కాగాలి, కొళాయిలో గోరువెచ్చగా రావాలి. ఈ ఇద్దరికీ రాజీ కుదిర్చే పెద్దమనిషి పేరు థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వు.

చూడబోతే మూడు నోళ్ళున్న ఇత్తడి ముక్క. రెండు నోళ్ళలోంచి వేడీ చల్లనీ లోపలికి వస్తాయి, మూడోదాన్నుంచి కలిసిన నీళ్ళు పోతాయి. లోపల మైనం నింపిన చిన్న డబ్బీ ఉంటుంది. వేడి ఎక్కువయితే మైనం ఉబ్బి వేణ్ణీళ్ళ దారిని బిగిస్తుంది, తగ్గితే ముడుచుకుని వదులుతుంది. కరెంటుతో పనిలేదు. చన్నీళ్ళు హఠాత్తుగా ఆగిపోతే వేణ్ణీళ్ళనూ ఆపేస్తుంది. మనం చేత్తో తిప్పే మిక్సరు కొళాయికి ఈ తెలివి లేదు. వంటింట్లో ఎవరో చన్నీళ్ళు విప్పితే స్నానాల గదిలో ఉన్నవారి ఒళ్ళు చుర్రుమనేది అందుకే. అంగడిలో ఈ రెండూ ఒకటేనని చెప్పినా నమ్మకండి.

పొదుపు కూడా ఉంది. చన్నీళ్ళు 25 డిగ్రీలున్నప్పుడు, 60కి కాగిన 15 లీటర్లలోంచి లెక్కకు 40 డిగ్రీల నీళ్ళు 35 లీటర్లు వస్తాయి. సామెత చెప్పినవాడికి ఈ లెక్క తెలిసే ఉంటుంది! ఇంగ్లండులో 2010 నుంచి, కొత్తగా కట్టే ఇళ్ళలో స్నానపు తొట్టి కొళాయికి 48 డిగ్రీలు మించకూడదని నిబంధన పెట్టారు.

మన ఇళ్ళకు రెండు చిక్కులున్నాయి. మిద్దె మీది తొట్టి కొళాయికి 10 అడుగుల ఎత్తున ఉంటే వచ్చే ఒత్తిడి 0.3 బారే కాబట్టి, తక్కువ ఒత్తిడికి పనిచేసే రకం అడిగి తీసుకోవాలి. రెండోది మా బోరు నీళ్ళు. గిన్నెలకే తెల్లగా పొర కట్టే నీళ్ళు వాల్వును మాత్రం వదులుతాయా? దాని జల్లెడ కడిగిస్తూ, ఏడాదికొకసారయినా థర్మామీటరు పెట్టి చూడాలి. మిద్దె మీద సోలారు హీటరున్నవారికి ఇది మరీ అవసరం, ఎండాకాలంలో అందులో నీళ్ళు దాదాపు మరుగుతాయి. అయితే మే నెలలో తొట్టిలోని చన్నీళ్ళే కాగిపోతే వాల్వు ఏం చేస్తుందని అడగకండి. పాపం, అది కలపగలదే గాని చల్లార్చలేదు.

కాలు కాలింది మొదలు అత్తగారికి నీళ్ళు నేనే కలిపి ఇస్తుండేదాన్ని. ఆమెకది సుతరామూ నచ్చలేదు. తలుపు తీసిపెట్టుకుని, చంటిపిల్లలాగా కోడలిచేత నీళ్ళు పోయించుకోవడమా! వాల్వు పెట్టించిననాడు, "నీళ్ళు కలిపేదానికి గూడా మిషనేనా?" అని నవ్వారు. మరునాడు మాత్రం లోపల గడియ పెట్టుకుని చాలాసేపు నీళ్ళు పోసుకున్నారు. వాల్వును 40 దగ్గర బిగించాం. చల్లగా ఉన్నాయని రోజూ ఫిర్యాదు. బతిమాలగా బతిమాలగా 41కి ఒప్పుకున్నాను. ఇప్పుడు 45 అడుగుతున్నారు.