కవరు కింద కారు

నోట్లో కెమెరా పెట్టి పంటి ఫొటో చూపించే డాక్టరునీ, చక్రం విప్పి ఫోనులో ఫొటో చూపించే సర్వీస్ సెంటర్ కుర్రాణ్ణీ నేను ఒకే గాట కడతాను. ఫొటో చూపించాక ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడరు. "అయితే ఏం చేద్దామంటారు?" అని మనమే అడగాలి. మొన్న నాకు చూపించిన ఫొటోలో బ్రేకు డిస్కు కుంకుమ పూసినట్టుంది. "తుప్పు సార్. రెండు డిస్కులూ ప్యాడ్లూ మార్చేయాలి" అన్నాడు. ముందు రాత్రంతా వాన. పొద్దున్నే బండి కడిగింది వాళ్ళే. కడిగాక తీసిన ఫొటో అది. పోత ఇనుము తడిస్తే ఎర్రబడక తెల్లబడుతుందా?

విశాఖపట్నంలో కాపురముండేవాడికి తుప్పు సంగతి ఒకరు చెప్పాలా! కిటికీ ఊచలు, గేటు గొళ్ళెం, మేడ మీద బట్టలారేసే తీగ, ఏదీ మిగలదు. బీచి రోడ్డు మీద 2002 నుంచి ఒడ్డునే కూర్చున్న కురుసుర జలాంతర్గామికైనా రంగు వేయించక తప్పదు. డిస్కుకి ఆ వీలు లేదు. ప్యాడు ఒరుసుకునే మొహం మీద రంగేస్తే మొదటి బ్రేకుకే పోతుంది. మరి బైకు డిస్కు అలా తళతళలాడుతుందేం అని మా తోడల్లుడు వాదనకి దిగాడు. బైకుది స్టెయిన్‌లెస్ స్టీలు బాబూ. కారుది పోత ఇనుము. అందులో గ్రాఫైటు రేకులుంటాయి. అవి వేడిని చప్పున లాగేస్తాయి, కీచుమనే మోతనీ అణుస్తాయి. పైగా చవక. టన్నుకి పైబడ్డ బండిని మళ్ళీ మళ్ళీ ఆపాల్సినదానికి అందం కన్నా అదే ముఖ్యం.

రాత్రి పట్టిన తుప్పు పొద్దున్న వీధి చివరి దాకా వెళ్ళి నాలుగుసార్లు బ్రేకు తొక్కితే పోతుంది. కాస్త గరగరమంటుంది, అంతే. డిస్కు మార్చాలో వద్దో చెప్పేది రంగు కాదు, మందం. ఎంత అరిగితే పనికిరాదో ఆ మందం డిస్కు మీదే గుద్ది ఉంటుంది. చాలా కార్లకి అది కొత్తదాని కన్నా 2 మిల్లీమీటర్లు తక్కువ. కొలవడానికి మైక్రోమీటరుందా అని అడిగాను. ఆ కుర్రాడు నావైపు చూసిన చూపు నేనింకా మరిచిపోలేదు.

మా ఆటోనగర్ మేస్త్రీ దగ్గర మైక్రోమీటరుండేది, నూనెగుడ్డలో చుట్టి. మనిషి మాట్లాడేవాడు కాదు. కొత్త డిస్కు ఎక్కించేముందు హబ్బు మొహాన్ని తీగబ్రష్షుతో ఎంతసేపు గీకేవాడో! ఆ తుప్పు మీదే డిస్కు బిగిస్తే అది వెంట్రుకవాసి ఒరిగి తిరుగుతుంది. తిరిగినప్పుడల్లా ఒకేచోట ప్యాడుకి రాసుకుంటుంది. కొన్ని వేల కిలోమీటర్లకి అక్కడ పలచబడి, తొక్కినప్పుడు పెడలు పాదాన్ని తంతుంది. మిల్లీమీటరులో వందో వంతు తేడా చాలు. అప్పుడందరూ డిస్కు బెండయిందంటారు. నిజానికి చాలాసార్లు అది వంగదు, ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా అరుగుతుంది, లేదా ప్యాడు పదార్థమే మచ్చలుగా అంటుకుంటుంది. నట్లు కూడా ఆయన గాలిగన్నుతో బిగించేవాడు కాదు. ఎదురెదురుగా, చేత్తో, కాస్త కాస్త. టీ చల్లారిపోయేది. తొందరపడ్డవాళ్ళని వేరే షెడ్డుకి పొమ్మనేవాడు, పోయినవాళ్ళు తిరిగొస్తే ఒక్క మాట అనేవాడు కాదు.

అంబాసిడర్ల కాలంలో ఈ తుప్పు ఫొటోల బెడద లేదు, డ్రమ్ముల్లోపల ఏముందో ఎవరికీ కనిపించేది కాదు. 1953లో డిస్కు బ్రేకుల జాగ్వార్ లె మాన్ పందెం గెలిచినప్పటి నుంచీ డ్రమ్ముకి మర్యాద తగ్గింది. ఇప్పుడు చూడండి, ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళు ఐడీ.3, ఐడీ.4 విద్యుత్తు కార్లకి వెనక మళ్ళీ డ్రమ్ములే పెట్టారు. ఆ కార్లలో బండిని ఆపే పని చాలావరకు మోటారే చేస్తుంది. వాడకం లేని డిస్కు తుప్పు పట్టక ఏం చేస్తుంది?

అసలు నా కోపం వాడని కార్ల మీద. మా సెల్లారులో సగం కార్లు కవర్ల కింద ఉంటాయి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలు అమ్మానాన్నలకి కొనిపెట్టినవి. వాళ్ళలో ఒక మాస్టారు ఆదివారం పొద్దున్న లిఫ్టు దిగి, కవరు సగం ఎత్తి, స్టార్టు చేసి, పేపరు చదువుకుంటూ పది నిమిషాలుంచి, ఆపేసి కప్పేస్తారు. ఇంజను తిరిగింది సరే, చక్రం తిరిగిందా? డిస్కు మీద ప్యాడు నొక్కుకున్నచోట ఒకలా, మిగతా చుట్టూ ఇంకోలా తుప్పు పడుతుంది. నెలలు గడిస్తే అది గుంటలు పడి, తరవాత ఎంత నడిపినా పోదు. కాలిపర్ పిన్నులు బిగుసుకుంటే లోపలి ప్యాడు అరిగిపోతుంది, బయటిది కొత్తగానే ఉంటుంది. పైగా ఆ కవరు! సముద్రపు తేమని లోపలే దాచిపెట్టి ఉంచుతుంది. చెబితే "దుమ్ము పడుతుందండీ" అంటారు.

ఆ కవర్లు తీసేది తిరుపతి ప్రయాణానికే. యాక్టింగ్ డ్రైవరొస్తాడు. 1944 నాటి పాత ఘాట్ రోడ్డు మీద కిందికి దిగేటప్పుడు గేరు తగ్గించి రమ్మంటే వినడు, పైనుంచి కిందిదాకా బ్రేకు మీదే కాలు. దిగాక కాలిన వాసన. అప్పుడైనా పెడలు వదులుతాడా? కణకణలాడే డిస్కుకి ప్యాడుని అదిమిపెట్టి, మచ్చ పడేలా ఆగి, సోడా తాగుతాడు. ఏమన్నా అంటే, సంపత్ వినాయకుడి దగ్గర పూజ చేయించిన బండి సార్, ఏం కాదంటాడు.

ఆ గుడి ముందు నిలబడితే పొద్దుపోవడం తెలియదు. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు, టాపు మీద బంతిపూలు, డ్రైవింగ్ రాని పెద్దావిడ ముందు సీట్లో. అద్దం మీద స్వస్తిక్ ఎక్కడ వేయాలన్న దగ్గర మామగారికీ అల్లుడికీ గొడవ. అంతకుముందే షోరూములో వాళ్ళకి అట్టతో చేసిన ఆరడుగుల తాళంచెవి చేతికిచ్చి, కుటుంబమంతా పట్టుకుని నవ్వాక వెనక్కి తీసేసుకుంటారు. పక్క బండివాళ్ళకి కావాలట.